జిల్లేడు మొదట్లో చీమల దొడ్డి

తంగెడుకోన అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, నెమళ్ళు, ముంగిసలు ఉండేవి. వాటి కాళ్ళ కింద, ఎవరి కంటా పడకుండా, పశువుల్ని మేపుకునే చీమలు కూడా ఉండేవి.

చీమలకు పశువులేమిటని నవ్వకండి. జిల్లేడు లేత కొమ్మలకు పట్టే పసుపుపచ్చని పేనుబంక పురుగులే వాటి మంద. ఆ పురుగుల ఒంటి నుంచి కారే తియ్యని రసమే వాటికి పాలు. ఒక కొమ్మ వాడకముందే చీమలు మందను నోట కరుచుకుని ఇంకో కొమ్మకు చేర్చేవి.

అదే అడవిలో చంచల అనే ఉడుత ఉండేది. ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. ఏ గురువు దగ్గరా చదవలేదు. చూసి, అడిగి, మళ్ళీ చూసి నేర్చుకున్నదే దాని చదువు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం సిగ్గుతో ముడుచుకుపోయేది.

దానికి ఒక సందేహం పట్టుకుంది. ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగులు ఏటా వచ్చి మందనంతా తినేసి పోతాయి. అయినా కొన్నాళ్ళకే కొమ్మల నిండా మళ్ళీ మంద. ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని పోతున్నాయి, ఎంత మేతకు ఎంత మంద నిలుస్తుంది? అదంతా తేల్చుకోవాలని చంచల జిల్లేడు పొద దగ్గరే మకాం పెట్టింది.

చీమల పెద్ద బీరవ్వ మొదట దగ్గరికి రానివ్వలేదు. "మేం మేపుకుంటుంటే నీకేం వేడుకే పిల్లా? నీ తోక తగిలి మా మంద రాలకుంటే అదే పదివేలు," అని కసిరింది.

చంచల కదల్లేదు. ఒకసారి గాలివానకు మంద ఉన్న కొమ్మ విరగబోతే, తడుస్తూనే ఒంటితో ఆనించి పట్టుకుంది. అప్పటి నుంచి బీరవ్వ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తియ్యరసం పెట్టి, అడిగినవన్నీ చెప్పేది. చివరికి ఒకనాడు జిల్లేడు మొదట్లో దాచిన మట్టిగూడు చూపించింది. లోపల మంద పిల్లలు కుదురుగా ఉన్నాయి. పైన ఎంత పోయినా, చీమలు ఈ పిల్లల్ని కొమ్మలెక్కించి మళ్ళీ మందను పెంచుకునేవి.

"ఇది మా దొడ్డి. మా ఇంటి పిల్లవనుకుని చూపించాను. బయట అనకు," అంది బీరవ్వ. అననని చంచల మాట ఇచ్చింది.

కొన్నాళ్ళకు పెద్దబండ మీద అడవి సభ జరిగింది. సభకు పెద్ద అయిన కొండముచ్చు పీఠం మీద కూర్చుంది. చంచల తాను తెలుసుకున్నదంతా చెప్పింది, దొడ్డి మాట తప్ప.

"బాగుంది అమ్మాయీ. మరి పోయిన మంద ఎక్కడి నుంచి తిరిగి వస్తుంది?" అని అడిగింది కొండముచ్చు.

చంచల ఆ మాట దాటేసి, మేత లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. నెమలి మెడ తిప్పి, గురువు దగ్గర చదివినవాళ్ళయితే ఆ ముక్క కనుక్కునే వచ్చేవాళ్ళని పక్కవాళ్ళతో అంది. నలుగురూ నవ్వారు. చంచల చెవులు భగ్గుమన్నాయి.

"నాకెందుకు తెలియదు? జిల్లేడు మొదట్లో, ఎండ పడని వైపు, మట్టిగూడు కట్టి పిల్లల్ని దాస్తాయి," అనేసింది.

సభంతా మెచ్చుకుంది. కొండముచ్చు దాన్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు పక్క పొద మీద ఎర్రగా కనిపిస్తున్న పువ్వులు ఒక్కసారిగా రెక్కలు విప్పి ఎగిరిపోయాయి. అవి పువ్వులు కావు, అక్షింతల పురుగులు.

చంచల పరుగెత్తింది. అది చేరేసరికి మట్టిగూడు బద్దలై ఉంది. చీమలు మిగిలిన కొద్ది పిల్లల్ని నోట కరుచుకుని బారుగా వెళ్ళిపోతున్నాయి. బీరవ్వ నోట్లోనూ ఒక పిల్ల ఉంది.

"అవ్వా, నేనే చెప్పాను," అంది చంచల.

బీరవ్వ పిల్లను నెమ్మదిగా కింద పెట్టింది. "తెలుసు. నీకు తప్ప ఇంకెవరికి చూపించాం?" అంది. పిల్లను మళ్ళీ నోట కరుచుకుని నడిచిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా చంచలకు ఊపిరాడేది.

బీరవ్వ ఏడుస్తూ కూర్చోలేదు. వాగు అవతలి జిల్లేళ్ళ మీద మళ్ళీ మందను నిలబెట్టింది. మరుసటి ఏటికి ఆ మంద మునుపటికంటే పెద్దదైంది. చంచల అక్కడికి వెళితే చీమలు పొమ్మనలేదు. తియ్యరసం కూడా పెట్టాయి. కానీ అది కొమ్మ మీద కాలు పెట్టగానే అప్పటిదాకా సాగుతున్న కబుర్లు ఆగిపోయేవి.

మళ్ళీ సభ కూడింది. చీమల కొత్త దొడ్డి ఎక్కడని కొండముచ్చు చంచలను అడిగింది.

"నాకు తెలియదు," అంది చంచల.

తెలిసీ దాస్తోందనుకున్నాయి జంతువులన్నీ. ఎంత గుట్టుగలదో చూడమని నెమలి సైతం పొగిడింది. తనకు ఎవరూ చెప్పలేదని చెప్పుకునే ముఖం లేక, చంచల ఆ పొగడ్త కింద తల దించుకుని కూర్చుంది.

నీతి: నమ్మి చూపించినదాన్ని మెప్పు కోసం నలుగురిలో పెడితే మెప్పు దొరుకుతుంది, ఆ నమ్మకం మాత్రం తిరిగి రాదు.