రెండు గడ్డిమోపుల ఆటగాడు

కోళ్లు కూడా రాజుగారి సెలవు తీసుకుని కూసే కాలంలో, ఓబులనే చెడుగుడు ఆటగాడు ఉండేవాడు. అతను కూత పెట్టి బరిలోకి దిగితే ఎదుటి జట్టులో సగంమంది మూర్ఛపోయేవాళ్లు, తక్కినవాళ్లు ఏడూళ్లు దాటేదాకా ఆగేవాళ్లు కాదు.

ఆటగాడు ఆరేళ్లపాటు ఒకే పాలెగాడి జట్టులో ఆడాలని ఆ రాజ్యంలో కట్టుబాటు. ఏటా పాలెగాడే అతనికి వెల కడతాడు. అందులో పదోవంతు జీతం. ఆ ఆరేళ్లలోగా ఇంకో పాలెగాడికి అతను కావాలంటే ఆ వెల చెల్లించి తీసుకుపోవచ్చు.

నాలుగేళ్లు గంజి తాగి విసిగిన ఓబులు, జీతం పెంచమని సభలో రాజుగారి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"వీడా ఆటగాడు!" అన్నాడు అతని పాలెగాడు వీరభద్రప్ప, మూరెడు మీసం దువ్వుతూ. "వీడి కూతకు మా గేదెలు పాలివ్వడం మానేశాయి మహాప్రభూ! రెండు గడ్డిమోపులు, అదే వీడి వెల."

ఓబులుకు కడుపు మండింది. మరుక్షణమే నవ్వొచ్చింది.

"దొరగారు చెప్పినట్టే రాయించండి మహాప్రభూ," అన్నాడు.

రాజముద్ర పడగానే ఓబులు, సభలోనే ఉన్న పొరుగు పాలెగాడు తిమ్మానాయుడి వైపు తిరిగాడు. "దొరా, బయట మీ గుర్రం ముందు గడ్డి ఉందిగా?"

తిమ్మానాయుడు తలపాగా జారిపోతున్నా ఆగకుండా పరిగెత్తి, రెండు మోపులు నెత్తిన పెట్టుకొచ్చాడు.

"ఆగండాగండి!" వీరభద్రప్ప గావుకేకకు సభలో దీపాలన్నీ ఆరిపోయాయి. "వీడు నా జట్టుకు ప్రాణం! వీడి వెల వెయ్యి వరహాలు!"

"ఎంత మంచి మాటన్నారు దొరా!" ఓబులు చేతులు జోడించాడు. "వెల మార్చి రాయించండి. నా జీతం నూరు వరహాలు ఇప్పుడే ఇప్పించండి."