అమ్మ పాట, నాలుగు చుట్ల గంతు

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదర్రా, ఒక మంచుకొండ మీది అడవిలో పెద్ద సరస్సు ఒకటి ఉండేది. చలికాలం రాగానే అది గడ్డకట్టి అద్దంలా అయిపోయేది. మన ఫ్రిజ్ పై అరలో పేరుకుంటుందే, ఆ మంచే. కాకపోతే ఊరంత. ఏయ్, నవ్వడం ఆపి వినండి.

ఆ అడవి జంతువులు రాలిపోయిన దుప్పికొమ్ముల్ని నున్నగా గీకి, బద్దలుగా చీల్చి, కాళ్లకు కట్టుకుని మంచు మీద జారుతూ ఆడేవి. ఏడాదికోసారి మగవాళ్లకి పోటీ పెట్టేవారు. ఆ పోటీకి ఒక ఆచారం ఉంది. ఎవరు ఆడినా సరే, వాళ్ల ఇంట్లోవాళ్లు ఒకరు ఒడ్డున నిలబడి పాట పాడాలి.

తీర్పు చెప్పేది ఇద్దరు. ఒకడు డేగ మామ. పైన ఎగురుతూ, ఎవడు ఎన్ని గంతులు వేశాడో, గాల్లో ఎన్ని చుట్లు తిరిగాడో చూసేవాడు. రెండోది ముసలి జడలబర్రె. అందరూ జడలవ్వ అనేవారు. ఆవిడకు చూపు మసక. అందుకని చెవులు రిక్కించి పాట వినేది. ఆట అయ్యాక మంచు మీదికి వెళ్లి, బద్దలు గీసిన గీతల్ని ముక్కుతో తడిమి చూసేది. వాడు ఎలా ఆడాడో ఆ గీతల్ని బట్టి ఇట్టే చెప్పేసేది.

గెలిచినవాడి కుటుంబానికి చలికాలమంతా వేడినీటి బుగ్గ పక్కనున్న గుహ ఇచ్చేవారు. అబ్బ, ఎంత వెచ్చగా ఉండేదో!

ఆ అడవిలో దూదిగాడని ఒక కుర్ర కుందేలు ఉండేవాడు. వాడికి అమ్మా, మొగ్గ అనే చెల్లెలూ ఉన్నారు. ముగ్గురూ మంచులో తవ్వుకున్న బొరియలో వణుకుతూ పడుకునేవాళ్లు. ఒక చలికాలంలో మొగ్గ చెవుల కొసలు చలికి నల్లబడిపోయాయి. ముట్టుకుంటే చాలు, కెవ్వుమని ఏడ్చేది. అది చూడలేక దూదిగాడు చెల్లెలి పక్కకు చేరాడు.

"ఈసారి ఆ గుహ మనదే చెల్లీ! చూస్తూ ఉండు," అన్నాడు.

వాడికి గంతులంటే ప్రాణం. అప్పటిదాకా అందరూ గాల్లో మూడు చుట్లే తిరిగేవారు. వీడు పట్టుబట్టి నాలుగు చుట్లు నేర్చుకున్నాడు. పోటీ రోజున అమ్మ పాట ఎత్తుకోగానే వీడు పరుగు తీశాడు. గంతు! మళ్లీ పరుగు, మళ్లీ గంతు! అలా ఐదుసార్లు. ఆట ముగించి చెమట తుడుచుకుంటున్నాడు. ఒడ్డున అమ్మ ఇంకా పాడుతూనే ఉంది.

"శభాష్! ఐదూ నాలుగు చుట్లే!" అని డేగ మామ అరిచాడు.

జడలవ్వ మంచును తడిమి చూసింది. "గీత, గుంత. గీత, గుంత. ఒరేయ్ మనవడా, మీ అమ్మ ఎవరికోసం పాడిందిరా?" అంది.

గుహ బండకొమ్ము అనే కొండమేకకి దక్కింది. వాడు మూడు చుట్ల గంతులు రెండే వేశాడు. కానీ వాళ్లావిడ పాటకు తగ్గట్టు అడుగు వేశాడు.

రెండో ఏడు దూదిగాడు సొగసుగా జారడం తెలిసిన కొంగ పిన్ని దగ్గరకు వెళ్లాడు.

"ఆ పిచ్చి గంతులు మానెయ్యరా! మెడ వంచు, చెయ్యి చాచు, గాలిలా తిరుగు. అదీ ఆటంటే," అంది పిన్ని.

వాడు సరేనన్నాడు. పోటీలో మెడ వంచాడు, చెయ్యి చాచాడు, మెలికలు తిరుగుతూ జారాడు. అమ్మ పాట పూర్తయ్యేదాకా ఆగలేదు. జడలవ్వ తల ఊపింది. డేగ మామకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నా రెక్కలు నొప్పెట్టేలా తిరిగింది ఇందుకా? ఏదిరా నీ గంతు? ఒక్కటి, కనీసం ఒక్కటి వెయ్యలేకపోయావా? నాలుగు చుట్లు తిరిగేవాడివి, పీట మీద పెళ్లికొడుకులా కూర్చుంటావా!" అన్నాడు.

గుహ మళ్లీ బండకొమ్ముకే పోయింది. ఆ చలికాలం మొగ్గ ఎడమ చెవి కొస ఊడి రాలిపోయింది. పాపం, ఆ పిల్ల ఆ ముక్కను ఆకులో దాచుకుంది. దూదిగాడు రెండు రోజులు గడ్డిపరక ముట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే అమ్మ మంచు తవ్వి దుంపలు తీస్తోంది. తీస్తూ ఆ పాటే పాడుకుంటోంది. దూదిగాడు పక్కన కూర్చుని, మొదటిసారి, ఆ పాటను చివరిదాకా మనసుపెట్టి విన్నాడు. అవునర్రా, మొదటిసారే! రెండేళ్లు ఆ పాటకు ఆడాడు కానీ, వెధవ, ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు.

"అమ్మా, మధ్యలో మూడు చోట్ల ఊపిరి బిగబడతావెందుకు?" అని అడిగాడు.

"అక్కడ పాట పైకి లేస్తుంది నాయనా. ఊపిరి పట్టకపోతే గొంతు లేవదు," అంది అమ్మ.

దూదిగాడు చటుక్కున లేచి నిలబడ్డాడు. "నా గంతులు ఉండాల్సింది అక్కడే!" అన్నాడు.

చెప్పినంత తేలికా? పాట మధ్యలో పరుగు తియ్యడానికి చోటేదీ? మెలిక తిరుగుతూ తిరుగుతూ, ఆ మెలికలోంచే పైకి లేవాలి. మొదటి రోజు తోక మీద పడ్డాడు. రెండో రోజు ముక్కు మీద పడ్డాడు. మూడో రోజు కొంగ పిన్ని మీద పడ్డాడు! ఆవిడ నాలుగు తిట్టి, "మెడ మాత్రం వంచడం మానకు," అంది. ఏడాది పొడుగునా పడుతూ లేస్తూ సాధన చేశాడు. ఎక్కడ నిలబడినా, ఏ మెలికలో ఉన్నా గంతు వేసేలా తయారయ్యాడు.

ఈలోగా బండకొమ్ముకి ఈర్ష్య పుట్టింది. "ఆ కుందేలు నాలుగు చుట్లు తిరిగితే నేను తిరగలేనా?" అనుకుని వాడూ నేర్చుకున్నాడు.

పోటీ రోజు వచ్చింది. ముందు బండకొమ్ము దిగాడు. సరస్సు ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుగు తీసి, గంతు! దబ్బుమని దిగాడు. అలా ఐదుసార్లు. వాడి బరువుకి మంచు పెళ్లలు లేచి, నడిమధ్యన పెద్ద గుంతలు పడ్డాయి. వాళ్లావిడ పాట సగంలో ఆపేసి నోరు మూసుకుంది. వినేవాడు లేనప్పుడు పాడటం దేనికి, చెప్పండి?

చూడ్డానికి వచ్చిన జంతువులన్నీ ఈలలు వేశాయి. దూదిగాడి వంక చూసి, "నువ్వు ఆరు కొట్టరా! ఆరు!" అని అరిచాయి.

దూదిగాడు ఆలోచనలో పడ్డాడు. ఆరు కొడితే గుహ వస్తుందేమో. మొగ్గ ఒడ్డున అమ్మ పొట్టకు కరుచుకుని కూర్చుంది, కొస ఊడని ఆ ఒక్క చెవినీ రెండు చేతులతో పట్టుకుని. అమ్మ ఒక్క మాటే అడిగింది.

"పాడమంటావా, వద్దా?"

"పాడమ్మా. నీ పాటెంతో నా ఆటా అంతే," అన్నాడు దూదిగాడు.

అమ్మ ఎత్తుకుంది. దూదిగాడు మెల్లగా జారాడు. మెడ వంచాడు, మెలిక తిరిగాడు. పాట మొదటిసారి పైకి లేచింది. వాడూ లేచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు! ఆకు రాలినంత నెమ్మదిగా దిగి, అదే మెలికలో సాగిపోయాడు. రెండోసారి పాట లేచింది. మళ్లీ నాలుగు!

మూడో గంతు సరస్సు నడుమ వెయ్యాలి. తీరా అక్కడికొచ్చేసరికి ఎదురుగా బండకొమ్ము చేసిన గుంతలు! అక్కడ దిగితే కాలు విరుగుతుంది. గంతు మానేస్తే డేగ మామ ఒప్పుకోడు. వేరే చోటికి పరుగు తీస్తే పాట తప్పిపోతుంది. ఒడ్డున అమ్మ ఊపిరి బిగబట్టడం వినిపించింది.

అంతే! ఉన్నవాడు ఉన్నట్టే ఒడ్డువైపు మెలిక తిరిగి, మంచు అంచున నిలబడి వింటున్న జడలవ్వ ముక్కు ముందునుంచే పైకి లేచాడు. నాలుగు చుట్లు! వాడు రేపిన గాలికి అవ్వ జడలు ఊగాయి. దిగాడు, జారాడు, చెయ్యి చాచాడు. అమ్మ నోట చివరి మాట ఆగిన క్షణాన వాడి కాలూ ఆగింది.

డేగ మామ కిందికి దిగి, "మూడూ నాలుగు చుట్లే. ఒక్కటీ తడబడలేదు," అన్నాడు.

జడలవ్వ గీతలు తడుముతూ చాలాసేపు నడిచింది. "ఇక్కడ గీత ఆగింది. అదిగో, అక్కడ మళ్లీ మొదలైంది. మధ్యలో వీడు గాల్లో ఉన్నాడు. గీత తెగింది గానీ పాట తెగలేదర్రా!" అంది. ముసలిదాని కళ్లు చెమ్మగిల్లాయి. "మూడేళ్లకు మీ అమ్మ పాట విన్నావురా మనవడా. గుహ మీదే!"

ఇక చూస్కోండి, అడవి అదిరిపోయింది! కుందేళ్లన్నీ దూదిగాణ్ణి ఎత్తుకుని సరస్సు చుట్టూ తిప్పాయి. కొంగ పిన్ని, "ఆ మెడ వంపు నేను నేర్పిందే!" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది.

బండకొమ్ము తల దించుకుని వచ్చాడు. "రెండేళ్లు నన్ను గెలిపించిన ఆట మానేసి, నువ్వు ఓడిపోయిన ఆట పట్టుకున్నాన్రా," అన్నాడు. వాడి కుటుంబానికి ఒంటినిండా ఉన్ని ఉంది కాబట్టి ఆ చలికాలం బాగానే గడిచిపోయింది.

గుహలోకి అడుగుపెట్టగానే మొగ్గ చెవిని వదిలేసి, రెండు చేతులూ వేడినీటి ఆవిరిలోకి చాచింది. తర్వాత అన్న మెడ పట్టుకుని, "అమ్మా, ఆ పాట మళ్లీ పాడవూ? నేనూ ఎగురుతా!" అంది.

నీతి: నేర్చిన విద్యకు మనసు, మనసులోని మాటకు విద్య తోడైతేనే ఆట నిండుగా ఉంటుంది.