శాస్త్రిగారింట పాడిగేదె

పెన్నగిరి రాజు నాగభూపతికి లేక లేక మనవరాలు పుట్టింది. ఆ సంబరంలో ఆయన ఉయ్యాల పక్కన నిలబడే ఒక ఉత్తర్వు ఇచ్చేశాడు.

"మన రాజ్యంలో పదేళ్లలోపు పిల్లను పెంచే ఇంటికల్లా ఒక పాడిగేదె. పిల్ల ఉన్న ఇంట పాలు ఉండాలి!"

ఉత్తర్వు బాగానే ఉంది. చిక్కల్లా ఓబళయ్య దగ్గరే వచ్చింది.

ఓబళయ్య కొలువులో పేరున్న మాటకారి. ఎవరి తగవైనా రెండు మాటల్లో తేల్చేవాడు. తన కాపురం మాత్రం రెండేళ్ల కిందటే తెగిపోయింది. "నేనొకటంటే ఈయన పదంటాడు, ఈయనతో వేగలేను" అని భార్య చెంచమ్మ పెద్దల ముందు మొరపెట్టుకుంటే, ఓబళయ్య ఊరుకోలేక "పదనలేదు, తొమ్మిదే" అన్నాడు. పెద్దలకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

వాళ్ల కూతురు మల్లికి ఎనిమిదేళ్లు. శుక్లపక్షం తల్లి దగ్గర, కృష్ణపక్షం తండ్రి దగ్గర ఉంటుంది.

గేదెలు పంచే రోజున తల్లీ తండ్రీ ఇద్దరూ చెరో పలుపుతాడు పట్టుకుని పశువులశాలకు వచ్చారు. పిల్ల ఒక్కతే, గేదె ఒక్కటే. తగవు ధర్మాధికారి విశ్వంభరశాస్త్రి ముందుకు వెళ్లింది.

శాస్త్రికి ఓబళయ్య అంటే గిట్టదు. కొలువులో తను శ్లోకం చదివితే ఆవలించేవాళ్లు, ఓబళయ్య దగ్గితే కూడా నవ్వుతారని ఆయన బాధ.

"పిల్ల ఏ ఇంటిదో తేల్చడానికి గ్రంథాలు తిరగేయాలి. అందాకా గేదె మా కొట్టంలో ఉంటుంది" అన్నాడు శాస్త్రి.

"ఉండనీండి!" అన్నాడు ఓబళయ్య. చెంచమ్మకు దక్కలేదు కదా, అదే పదివేలు అనుకున్నాడు. చెంచమ్మా సరిగ్గా అలాగే అనుకుని తలూపింది.

నెల గడిచింది. వాళ్లు అడగడానికి వెళ్లిన ప్రతిసారీ తిథి బాగోలేదనేవాడు శాస్త్రి. ఆయన బుగ్గలు మాత్రం బాగా నిండాయి.

ఒకరోజు పొద్దున మల్లి అంబలి తాగుతూ, "నాన్నా, శాస్త్రిగారి గేదె పేరేమిటి?" అని అడిగింది.

శాస్త్రిగారి గేదె!

ఆ మాట ఓబళయ్యకు ఎక్కడో తగిలింది. 'ఊరందరికీ తెలివి చెప్పే మొనగాణ్ణి. నా బిడ్డ పాలు నా చేత్తోనే తీసుకెళ్లి ఊళ్లోవాడి నోట్లో పోశాను' అని తనను తానే తిట్టుకున్నాడు. తిన్నగా చెంచమ్మ ఇంటికి వెళ్లి గడప బయటే నిలబడ్డాడు.

"ఏం, ఇవాళ నా వాటా పది మాటలు తెచ్చారా?" అంది చెంచమ్మ.

"లేదు చెంచమ్మా. నా బుద్ధితక్కువతనం తెచ్చాను. నీ దగ్గరా కాస్త ఉంటే రెండూ కలిపి కొలువుకు పోదాం."

ఆమెకు నవ్వాగలేదు. అతను చెప్పిందంతా విని, మల్లి బట్టలు మూటగట్టింది.

కొలువులో ఓబళయ్య చేతులు జోడించి, "ప్రభూ, మా తగవు తేలిపోయింది. మేమిద్దరం ఒక్క మాట మీదికొచ్చాం" అన్నాడు.

"మీరిద్దరా!" అని రాజు సింహాసనంలో ముందుకు జరిగాడు. "ఏమిటా మాట?"

"పిల్లను పెంచే ఇంటికి గేదె అన్నారు తమరు. నెల్లాళ్లుగా గేదె శాస్త్రిగారింట ఉంది. అంటే మల్లిని పెంచేది శాస్త్రిగారే. ఇదిగో పిల్ల, ఇదిగో మూట!"

శాస్త్రి ఉలిక్కిపడ్డాడు. "నేను పెంచడమేమిటి? నేను పాలు మాత్రమే..." అని నాలిక కరుచుకున్నాడు.

"పాలు తమవైతే పనులూ తమవే" అంటూ ఓబళయ్య అప్పగింతలు మొదలుపెట్టాడు. "మా అమ్మాయి బెల్లం లేనిదే ముద్ద ముట్టదండీ."

"బెల్లం మానేసి ఏడాదయింది. ఇప్పుడు వడియాలు" అంది చెంచమ్మ.

కొలువంతా గొల్లుమంది. ఓబళయ్య చెవులు ఎర్రబడ్డాయి. "చూశారా ప్రభూ, నేనింకా నిరుటి పిల్లనే పెంచుతున్నాను" అని ఒప్పేసుకున్నాడు.

"తలంటాలంటే ఇద్దరు పట్టుకోవాలి" అంది చెంచమ్మ.

"ఉరిమితే ఎవరో ఒకరి మెడ కరుచుకుని పడుకుంటుంది" అన్నాడు ఓబళయ్య.

"తలలో పేలు. అవి మాత్రం వాళ్ల నాన్న ఇంటివే."

"కాదనలేను ప్రభూ!"

ఇంతలో మల్లి శాస్త్రి వెనక్కి చేరింది. నిగనిగలాడే ఆయన పిలకను పరీక్షగా చూసి, "తాతా, రోజూ దీన్ని జడలా అల్లనా?" అంది.

శాస్త్రి రెండు చేతులా పిలక పట్టుకుని లేచాడు. "ప్రభూ! పిల్ల వాళ్లదే, గేదె వాళ్లదే! ఇప్పుడే తోలిస్తాను!"

రాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "తోలించండి. నెల్లాళ్లు పాలు తాగారు, ఇంకో నెల్లాళ్లు గడ్డి కూడా మోయించండి. ఇంతకీ ఓబళయ్యా, ఎవరింటికి తోలాలి?"

"మల్లి వెంట, ప్రభూ. పిల్ల ఎక్కడుంటే గేదె అక్కడే. పాలూ ఆ ఇంటివే, పేడా ఆ ఇంటిదే."

"పక్షానికోసారి వీధి దాటించే పని మాత్రం ఆయనది" అంది చెంచమ్మ.

"అదీ నాదే!"

రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి ఓబళయ్యకు కప్పాడు. ఓబళయ్య ఛాతీ విరుచుకుని నలుగురికేసీ చూస్తుండగా, మల్లి ఆ శాలువా అంచు పట్టుకుని గుంజింది.

"నాన్నా, మరి ఇది ఏ పక్షం ఎవరింట్లో?"

"తెండిరా ఇంకో శాలువా!" అని కేకపెట్టాడు రాజు. ఆ నవ్వులు ఆగేలోపు చెంచమ్మ భుజాల మీద కూడా జరీ మెరిసింది.