వరాలు మాత్ర

సరిగ్గా ఉదయం ఆరు గంటలకు అప్పలకొండ తన భార్య వరాలు వేసుకోవాల్సిన థైరాయిడ్ మాత్రను తన నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్ళు తాగాడు. పక్కన వరాలు గుర్రు పెట్టి నిద్రపోతోంది.

బొబ్బిలిలో తమంత బుర్రలున్న ఇల్లు ఇంకోటి లేదని ఆ ఇంటివాళ్ళ గర్వం. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. రోజూ ఆరింటికి ఖాళీ కడుపులో మాత్ర పడాలి. వరాలును బాగా నిద్రపోనివ్వాలి. ఆరింటికి వరాలు నిద్రలోనే ఉంటుంది. లేపితే రెండో మాట తప్పినట్టు.

"నీ కడుపు ఖాళీయేనట్రా?" అంది తల్లి నరసాయమ్మ.

"ఖాళీయేనే అమ్మా."

"అయితే నువ్వేసుకో."

అంతే, చిక్కు విడిపోయింది.

వరాలుకు మాత్రం విడలేదు. ఆమె కోరేది ఒక్కటే: తన పెసరట్ల బండి దగ్గర చివరి అట్టు దాకా నిలబడగలగాలి. నడి ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. జుట్టు రాలుతోంది. అట్లకాడ పట్టుకునే కునుకు తీస్తోంది, పెసరట్లు మాడుతున్నాయి.

"మాత్ర రోజూ పడుతూనే ఉందిగా, నాకెందుకు తగ్గదత్తా?" అని వాపోయింది.

రక్తపరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ అంకె పద్దెనిమిది నుంచి ముప్పై ఒకటికి ఎక్కింది.

"నాలుగుంటే చాలని కాగితంలోనే రాశారు. మా కోడలు ముప్పై ఒకటి తెచ్చుకుంది!" అంటూ నరసాయమ్మ వీధంతా మైసూరుపాకు పంచింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అవి మార్కులు కాదమ్మా! మెడలో ఉన్న గ్రంథి సరిగా పనిచేయడం లేదు. పనిచెయ్యి, పనిచెయ్యి అని మెదడు దాని మీద కేకలేస్తోంది. కేకలు పెరిగినకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. అది దిగాలి."

ఇంకేముంది, ఆ కేకలు వినపడకుండా వరాలు మెడకు తలగడ కట్టారు, చెవుల్లో దూది కుక్కారు. బండి దగ్గర ఉల్లి పెసరట్టు అడిగినవాడికి వరాలు టైము చెప్పింది.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. "మాత్ర మింగేది నేనైతే సూది దానికెందుకు?" అని అప్పలకొండ వరాలు పేరు చెప్పి తన చేయి చాపాడు. అంకె సున్నా దగ్గరికి దిగింది.

డాక్టరమ్మ కాగితం చూసింది. అంకె పాతాళంలో ఉంది. వరాలేమో కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. చెమటలు కారుతూ, చేతులు వణుకుతూ ఉన్నది అప్పలకొండ.

"మాత్ర ఎవరు వేసుకుంటున్నారయ్యా?"

"నేనేనండి. ఒక్క పూట తప్పితే ఒట్టు!"

"ముందు నువ్వు ఆపు! రేపట్నుంచి ఆరింటికి ఆమెను లేపి ఆమె నోట్లో వెయ్యి."

కొన్నాళ్ళకు డాక్టరమ్మ పెసరట్టు తిందామని బండి దగ్గరికి వచ్చింది. దుప్పటి లేదు, తలగడ లేదు. వరాలు కళ్ళు తెరిచే అట్టు తిప్పుతోంది.

"మీ ఆయనేడీ?"

"ఇంట్లో పడుకున్నారండి. నన్ను బాగా నిద్రపోనివ్వమన్నారుగా మీరు? నేనేమో ఆరింటికే లేచిపోతున్నాను. మిగతా నిద్ర నా బదులు ఆయన పోతున్నారు."