కొండ మీది ఓడ

పోర్చుగల్ కొండల్లో వాల్దెమెల్ అనే చిన్న ఊరుండేది. ఆ ఊరి జెండా మీద ఓడ బొమ్మ ఉండేది. ఒకరోజు రాజుగారి అధికారి దోం గార్సియా తనిఖీకి వచ్చాడు.

"సముద్రమే లేని ఊరికి ఓడేమిటి? ఊళ్లో లేనిది జెండా మీద ఉండటానికి వీల్లేదు. కుట్లు విప్పెయ్యి!" అని జెండాలు కుట్టే బ్రితెస్ అనే ఆమె చేతిలో కత్తెర పెట్టాడు.

జెండా మీద చిహ్నం లేని ఊరిని పక్క ఊళ్లో కలిపేస్తారు. ఇక ఈ ఊరి ఊటనీళ్లూ ఆ పక్క ఊరివాళ్లవే. బ్రితెస్‌కు కాలు నిలవలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి చటుక్కున ఆగింది. కత్తెర పట్టుకుని నేరుగా అధికారి మీదికే వెళ్లింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"మీ ఆజ్ఞే దొరా. మీ కోటు మీద రాజుగారి రెక్కల డ్రాగన్ ఉంది. అలాంటి జంతువును ఈ రాజ్యంలో ఎవరూ చూడలేదు. ముందు దీని కుట్లు విప్పి, తర్వాత మా ఓడ సంగతి చూస్తాను."

గార్సియా రెండడుగులు వెనక్కి వేశాడు. "ముట్టుకోకు! అది రాజుగారి పరాక్రమానికి గుర్తు. నిజంగా ఉండాలా ఏమిటి?"

"మా ఓడా గుర్తే దొరా. సముద్రం మీదికి వెళ్లి తిరిగిరాని మా ఊరి మగవాళ్ల గుర్తు. వాళ్లలో మా ఆయనా ఉన్నాడు."

గార్సియా, ఓడ ఉండవచ్చని అక్కడే రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని బ్రితెస్ ఊరందరి ముందూ రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాతే కత్తెర అధికారి చేతికి తిరిగి ఇచ్చింది.