గింజలు నిండుకున్నాయి

ఒకప్పుడు మాటలకు ఒక్కటే అర్థం. నిండిందంటే నిండినట్టే, లేదంటే లేనట్టే. మాటలు అంత నిక్కచ్చిగా ఉండబట్టే కరువు పని హాయిగా సాగిపోయేది.

కరువుకు కాళ్ళు సన్నం, చెవులు పెద్దవి. గుమ్మాల పక్కన నక్కి వినేది. ఏ ఇంట్లోనైనా "గింజలు లేవు" అన్నారా, లోపలికొచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. ఇక లేవమన్నా లేచేది కాదు.

ఒక పెంకుటింటి చూరులో ఓ పిచ్చుక కాపురముండేది. పిల్లలు మూడు, మొగుడు ఒకడు. మంచివాడే, బుర్రే కాస్త మందం.

ఓ పొద్దున పిచ్చుక గింజలు దాచుకునే గురిగిలో ముక్కు పెడితే అడుగు తగిలింది. పిల్లలేమో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కింద గుమ్మం పక్కన కరువు చెవులు కదిలాయి.

"లేవు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చుక గుటుక్కున మింగేసింది.

"ఏమయ్యా, గింజలు నిండుకున్నాయి" అంది.

"నిండితే మంచిదేగా. ఇంకాసేపు పడుకుంటా" అని ఆ మహానుభావుడు రెక్కలో తల దూర్చాడు.

పిచ్చుకకు ఒళ్ళు మండింది. విడమరిచి చెబితే కరువు వింటుంది.

"బాగా నిండుకున్నాయయ్యా. నీ బుర్ర ఎంత నిండుగా ఉందో, గురిగీ అంతే నిండుగా ఉంది."

మగపిచ్చుక ఒక కన్ను తెరిచాడు. తన బుర్ర సంగతి తనకు తెలుసు. గురిగి వంక చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, తుర్రుమని కళ్ళంలోకి ఎగిరిపోయాడు.

"ఛీ, వీళ్ళకి నిండా ఉన్నాయట" అని గొణుక్కుంటూ కరువు ఊరు దాటిపోయింది.

పొద్దుగూకేసరికి గురిగి నిజంగానే నిండింది. అప్పుడొచ్చింది 'నిండు' అనే మాట, మూతి ముడుచుకుని.

"ఏమ్మా, నా కడుపులో ఖాళీ పెట్టావేం?"

"ఇన్నాళ్ళూ ఒక్క అర్థం మోసి ఏం బావుకున్నావు? ఇంకోటి మొయ్యి, అరిగిపోవులే. అటు చూడు."

మూడు పిల్లలూ పొట్టలు ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. మాట కాసేపు చూసింది. "సరేలే, మోస్తా" అంది.

కింద ఇంటావిడ ఇదంతా విననే విన్నది. మర్నాడు బియ్యం కుండ అడుగంటగానే ఆవిడా అదే మాట అంది. పక్కింటావిడా అందుకుంది.

అప్పటినుంచే బియ్యం అయిపోతే మన ఇళ్ళల్లో లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. ఆ మాట ఒక్కసారి చెబితే లేచే మొగుడు మాత్రం ఇంకా పుట్టలేదు.