దాలయ్య దాచిన గడ్డిమోపు

సముద్రానికి దగ్గరగా పారే గోదావరి పాయ అది. పోటు వేళ గట్ల దాకా ఉబ్బుతుంది, పాటు వేళ మోకాటి లోతుకి దిగిపోతుంది. పాయకి ఇవతల చాకిరేవు, అవతల చిన్న ఇసుక లంక. రేవులో బట్టల మూటలు మోసే గాడిద దాలయ్య, అతని భార్య నూకాలు. మోసీ మోసీ ఇద్దరి వీపులూ కాయలు కాచిపోయాయి. నూకాలుకి ఈమధ్య ఆయాసం కూడా పట్టుకుంది.

నూకాలు పుట్టింది ఆ లంకలోనే. అక్కడి తెల్లటి ఇసుకలో ఒక్కసారి తనివితీరా పొర్లి రావాలని ఆమె కోరిక. ఆమె అడిగినప్పుడల్లా దాలయ్య "చూద్దాంలే" అనేవాడు. చెడ్డవాడు కాదు పాపం, వట్టి పిసినారి.

ఇన్నాళ్లకి కాలం కలిసొచ్చింది. యజమాని పెళ్లికి వెళ్తూ శని, ఆదివారాలు ఇద్దరినీ కట్టు విప్పి వదిలేశాడు. పాయ దాటించడానికి గేదె సూరమ్మ ఉండనే ఉంది. ఆమె తోక పళ్లతో పట్టుకుంటే ఎంత లోతైనా దాటించేస్తుంది. గడ్డిమోపు కూలి. ఒకసారి తన తోక కొరికినందుకు, రేవు పొదల్లో ఉండే నక్కని మాత్రం దగ్గరికి రానివ్వదు.

"మనం దాచుకున్న మోపు సూరమ్మక్కకి ఇచ్చేసి, నిశ్చింతగా ఎల్లొద్దామయ్యా," అంది నూకాలు.

"వానాకాలం ముందుంది. అప్పుడేం తింటావే?"

పొదలోంచి నక్క తల బయటపెట్టింది. "బాగా అడిగావు మావయ్యా! మోకాటి నీళ్లకి కూలేంటి? పాటు ఎప్పుడో నేను చూసి చెప్తాను, మీరు నడిచేయండి. నాకు గడ్డీ వద్దు గిడ్డీ వద్దు. నీ వీపు మీద కాస్త చోటిస్తే చాలు."

లంకలో దోసపాదులు కాపు మీదున్నాయని నక్కకి నోరూరుతోంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు. దాలయ్య పొంగిపోయాడు. రేవులో వదిలితే మేకలు మేసేస్తాయని మోపుని కూడా వెంట తెచ్చాడు. తన వీపు మీద నక్క ఉంది కాబట్టి దాన్ని నూకాలు వీపుకి కట్టాడు.

వెళ్లేటప్పుడు అంతా నక్క చెప్పినట్టే జరిగింది. లంకలో అడుగుపెట్టి మోపు దించగానే నూకాలు ఇసుకలో పడి పొర్లింది. నాలుగు కాళ్లూ ఆకాశంలోకి ఎత్తి చిన్నపిల్లలా ఓండ్రపెట్టింది. ఆమె అంతలా నవ్వగా దాలయ్య ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లు ఎందుకు తీసుకురాలేదా అని మనసు చివుక్కుమంది.

"మళ్లీ వద్దామే," అన్నాడు.

"నిజంగానే?" అంది నూకాలు. ఆ రాత్రి అతన్ని ఆనుకుని హాయిగా నిద్రపోయింది.

ఆదివారం ఎండెక్కాక, తిరిగి వెళ్లడానికి దాలయ్య మోపుని మళ్లీ నూకాలు వీపుకి కట్టాడో లేదో, నక్క దోసతోటలోంచి పరుగున వచ్చింది. వెనకాలే తోట కుక్క తరుముకొస్తోంది. ఒక్క గెంతులో దాలయ్య వీపెక్కి, "పద మావయ్యా, పాటు అయిపోతుంది!" అంది.

వీపు మీద బరువు పడగానే కాళ్లు కదలడం చాకిరేవు గాడిదకి పుట్టుక నుంచీ అలవాటు. దాలయ్య నీళ్లలోకి దిగిపోయాడు.

"ఆగయ్యా! నీళ్లలో ఆకులు చూడు, ఎగువకి పోతున్నాయి. పోటు ఎక్కేస్తోంది. అవతల సూరమ్మక్క ఉంది, కేకేద్దాం."

"కేకేస్తే మోపు పోతుందే. నాలుగడుగులేగా, రా!"

ఏనాడూ అతని మాట కాదనలేదు నూకాలు. ఆయాసపడుతూనే వెనకాల దిగింది. నడిమికి వచ్చేసరికి నీళ్లు కడుపు దాటాయి. ఎండుగడ్డి తడిసి తడిసి రాయిలా బరువెక్కింది. గట్టు దగ్గరపడుతుండగా దాలయ్య వీపు మునగడం చూసి, నక్క పక్కనే నూకాలు వీపు మీద ఎత్తుగా కనిపించిన మోపు మీదికి దూకింది. అక్కడి నుంచి గట్టు మీదికి గెంతింది. ఆ తోపుకి నూకాలు కాళ్లు జారాయి. తడిసిన మోపు ఆమెని మళ్లీ లేవనివ్వలేదు.

దాలయ్య పెట్టిన కేకకి సూరమ్మ దబ్బున నీళ్లలోకి దూకింది. నూకాలుని కొమ్ములతో ఎత్తి గట్టుకి చేర్చింది. అప్పటికే ఊపిరి లేదు. నక్క ఒళ్లు దులుపుకుని, వెనక్కి చూడకుండా పొదల్లోకి పోయింది.

"ఎంత పని చేశావయ్యా దాలయ్యా!" అని ఏడ్చింది సూరమ్మ. "నూకాలు ఆయాసం నాకు తెలీదా? దాన్ని దాటించడానికి కూలి అడుగుతానా నేను? ఒక్క కేకేస్తే ఊరికే తెచ్చేదాన్ని కదా!"

దాలయ్య పళ్లతో కట్టు తెంపి, నీళ్లోడుతున్న మోపుని ఈడ్చుకొచ్చి సూరమ్మ ముందు పెట్టాడు.

"మొత్తం తీసుకో అక్కా. దాన్ని ఇంకొక్కసారి లేపి చూడు."

అయినవాళ్ల ఆనందం దగ్గర పొదుపు చూసుకున్నవాడికి చివరికి ఆ పొదుపొక్కటే మిగులుతుంది.